పదిహేడో వరుసలో శుక్రుడు

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు ఏ రోజూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. మా సోలార్ ప్లాంటులో ఇన్వర్టర్ గది వెనక తెల్లచీర కట్టుకుని ఎవరో నిలబడతారని చెప్పిన సెక్యూరిటీ అన్నను వారం రోజులు ఏడిపించినదాన్ని నేను. ఎనిమిదో రోజు ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లి చూస్తే, అది ఫెన్సింగు తీగకు చిక్కుకున్న సిమెంటు సంచి. దాన్ని ఊడబెరికి తెచ్చి ఆయన కుర్చీ మీదే పరిచాను. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు పాపం.

అలాంటిదాన్ని కాబట్టే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది. పైగా ఇది చీకట్లో జరిగింది కూడా కాదు. ఎండాకాలం, ఆదివారం, పొద్దున పదకొండు కావడానికి ఇంకా కొన్ని నిమిషాలు ఉండగా, కళ్లు తెరవలేనంత ఎండలో జరిగింది.

నా పేరు సుమ. పావగడ తాలూకా బలసముద్రం మాది, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే ఊరు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, వల్లూరు వైపున్న ఒక ప్లాంటులో టెక్నీషియన్‌గా చేరాను. ఏ వరుస ప్యానెళ్లు ఎంత కరెంటు ఇస్తున్నాయో కంప్యూటర్లో చూడటం, ఇవ్వనివాటి దగ్గరికి వెళ్లి ఎందుకివ్వడం లేదో కనుక్కోవడం నా పని. ఏ తప్పుకైనా కారణం ఉంటుంది, ఓపికుంటే దొరుకుతుంది అని ఆ ఉద్యోగమే నాకు నేర్పింది.

మొదటి ఏడాది జీతంలో మిగిల్చుకుని బెంగళూరులో ఒకాయన దగ్గర పాత టెలిస్కోపు కొన్నాను. ముందు భాగంలో అరచేతిలో పట్టేంత అద్దం, వెనక కన్ను పెట్టే చిన్న కటకం, మూడు కాళ్ల స్టాండు. మోటారు లేదు. ఆకాశం జరిగే కొద్దీ మనమే చేత్తో జరుపుకోవాలి. మిద్దె మీద దాన్ని పెట్టుకుని గురుడి చుట్టూ తిరిగే నాలుగు చందమామల్ని రోజూ నోటుపుస్తకంలో చుక్కలు పెట్టుకుంటూ ఒక చలికాలమంతా గడిపాను. శనిగ్రహానికి ఉన్న వలయం మొదటిసారి చూసినప్పుడు కిందికి పరుగెత్తి అమ్మను లేపాను. అమ్మ చూసి, బొట్టుబిళ్ల మాదిరి ఉండాదని చెప్పి మళ్లీ పడుకుంది.

నాయన మాత్రం ఎప్పుడూ దాంట్లోకి తొంగి చూడలేదు. నాయన పేరు రామాంజినప్ప. మా భూమిలో ప్యానెళ్లు వచ్చేదాకా వేరుశనగ పండించాడు, ఇప్పుడు ఇరవై గొర్రెలు పెట్టుకున్నాడు. నలభై ఏళ్లపాటు వేగుచుక్కను చూసి లేచి మడక దున్నడానికి పోయిన మనిషి. ఆయన లెక్కలో చుక్కలంటే ఒట్టి కళ్లతో చూడాల్సినవి. గొట్టంలోంచి చూసేవాళ్లకు చూపు లేదన్నట్టు మాట్లాడేవాడు.

ఇక అసలు సంగతి. మంజు అని, మంగళవాడ అబ్బాయి, మా ప్లాంటులోనే పని చేసేవాడు. ఇద్దరం పెళ్లి చేసుకోవాలనుకున్నాం. రెండిళ్లలోనూ పెద్ద గొడవేమీ జరగలేదు. ఇంతలో కంపెనీ వాళ్లు మంజును రాజస్థాన్ ప్లాంటుకు వేశారు. నెలన్నరలో చేరాలి, చేరితే ఏడాదిపాటు సెలవు ఉండదు. అందుకని వెంటనే కల్యాణమంటపం మాట్లాడుకుని, తేదీ అనుకుని, అప్పుడు పావగడలో పంతులు దగ్గరికి వెళ్లాం. ముందు పంతులు దగ్గరికి వెళ్లి తర్వాత మంటపం మాట్లాడాలట. ఆ సంగతి ఆయన నాలుగుసార్లు చెప్పాడు.

మేమనుకున్న తేదీ శుక్ర మూఢంలో పడింది. శుక్రుడు, అంటే మన వేగుచుక్క, సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి కనపడకుండా పోయే రోజులవి. రెండు నెలలకు పైగానే ఉంటాయి. ఆ రోజుల్లో పెళ్లి చేయకూడదన్నాడు పంతులు. నాయన తలూపాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన వాదన నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"శుక్రుడు ల్యాకుండా పెండ్లేంది పాపా? వేగుచుక్క కనపడక నాలుగు దినాలాయ. నేనే చూస్తాండా గదా," అన్నాడు నాయన.

"యాడికి పోతాడు నాయనా? ఆడనే ఉండాడు. పొద్దుకు దగ్గరగా ఉండాడు గాబట్టి ఆ వెలుతురుకు కనపడడు. అంతే."

"కనపడందాన్ని ఉండాదని ఎట్ల నమ్మేది?"

"దయ్యాలను నమ్మేవాళ్లను నేను అడిగే మాట గదా ఇది," అన్నాను. నాకు కోపం వస్తే నోరు ఆగదు.

ఆయన నవ్వలేదు. కొంచెంసేపు బీడీ తాగి, "సరే. చూపీ. పట్టపగలు నా కండ్లకు శుక్రుడ్ని చూపీ. చూస్తే మూఢంలోనే నిలబెట్టి చేస్తా పెండ్లి. పంతులు రాకపోతే ఇంగో పంతులు. చూపీలేకపోతే మాత్రం మూఢం పొయ్యేదాకా మాట్లాడొద్దు," అన్నాడు.

అమ్మ లోపల్నుంచి, "అయ్యా బిడ్డా ఇద్దరూ ఇద్దరే," అంది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మంజుకు ఫోన్ చేసి, శుక్రుణ్ణి పట్టుకోకుండా వదలనని చెప్పాను. వాడు, ముందు సెలవు చీటీ రాయనీ అన్నాడు.

పగలు శుక్రుణ్ణి చూడటం కుదరని పనేమీ కాదు. ఎక్కడ ఉన్నాడో తెలిస్తే టెలిస్కోపులో నీలాకాశం మధ్య తెల్లగా కనిపిస్తాడు. కానీ అప్పటికి ఆయన సూర్యుడి నుంచి ఒక పిడికిలంత దూరంలో ఉన్నాడు. చెయ్యి చాచి పిడికిలి పట్టి ఆకాశంలోకి చూస్తే ఎంత అడ్డం వస్తుందో అంతే దూరం. పొరపాటున సూర్యుడు గొట్టంలోకి వచ్చాడా, చూసేవాళ్ల కన్ను రెప్ప వేసేలోపు మాడిపోతుంది. టెలిస్కోపు కొన్న రోజు ఆ బెంగళూరు ఆయన నాతో మూడుసార్లు ఒట్టు వేయించుకున్న విషయం అదొక్కటే.

దానికి మార్గం కూడా ఉంది. టెలిస్కోపును దేని నీడలోనైనా పెట్టాలి. సూర్యుడు దాని వెనక దాగి ఉండాలి, శుక్రుడు దాని అంచుకు పైన కనపడాలి. నీడ పడినంతసేపూ సూర్యుడు గొట్టంలోకి రాలేడు.

నాకు పదిహేడో వరుస గుర్తొచ్చింది.

మా ప్లాంటులో ప్యానెళ్లు ఒకచోట నిలబడవు. పొద్దున తూర్పుకు వాలి ఉంటాయి, ఎండ పైకి వచ్చే కొద్దీ మోటార్లు వాటిని కొంచెం కొంచెంగా తిప్పుతాయి, సాయంత్రానికి పడమటికి వాలతాయి. పదిహేడో వరుస మోటారు రెండు వారాల కిందట చెడిపోయి, ఆ వరుస తూర్పుకు తిరిగి దాదాపు నిటారుగా నిలబడిన చోటే ఆగిపోయింది. బాగుచేయించమని రెండుసార్లు రాసింది నేనే. మోటారు పార్టు రాలేదన్నారు. ఇప్పుడు ఆ చెడిపోయిన వరుసే నాకు గోడ. దాని వెనక పడమటి పక్కన కూర్చుంటే, పదకొండు దాటేదాకా చక్కటి నీడ.

ఇన్‌చార్జి సారుకు ఉన్నదున్నట్టు చెప్పి అనుమతి అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, ఆదివారం ఒక గంట మీ నాన్నను తీసుకురా, హెల్మెట్ పెట్టించు అన్నాడు.

ముందు నేను చూడాలి కదా. బుధవారం టీ విరామంలో వెతికాను, దొరకలేదు. గురువారం మెడ పట్టేసిందే కానీ దొరకలేదు. దుమ్ము, వేడి, ప్యానెళ్ల మీదినుంచి లేచే సెగకు ఆకాశమంతా వణుకుతూ ఉంటుంది. శుక్రవారం ఫోన్లోని ఆకాశపటం చూసుకుంటూ, వేలెడు వేలెడు చొప్పున గొట్టాన్ని జరుపుతూ పోతే, పది గంటల పది నిమిషాలకు దొరికాడు. నీలంలో చిన్న తెల్లటి గుండ్రటి బిళ్ల. నేను గట్టిగా అరిచాను. పక్క వరుసలో ప్యానెళ్లు తుడుస్తున్న ఆడవాళ్లు పాము అనుకుని కర్రలు తీసుకుని వచ్చారు.

ఆదివారం తొమ్మిదిన్నరకే వెళ్లి టెలిస్కోపు నిలబెట్టాను. పది గంటల పన్నెండు నిమిషాలకు శుక్రుడు సరిగ్గా మధ్యకు వచ్చాడు. స్టాండు మరలు బిగించాను. అప్పుడే గేటు దగ్గర్నుంచి ఫోను. నాయన వచ్చాడు, కానీ కాళ్లకు చెప్పులున్నాయి, బూట్లు లేకుండా లోపలికి పంపకూడదని సెక్యూరిటీ అన్న పట్టుబట్టాడు. సిమెంటు సంచి సంగతి ఆయన మరిచిపోయినట్టు లేడు.

బండి మీద గేటుకు వెళ్లాను. స్టోరు తాళం ఉన్నవాడు దొరకడానికి పావుగంట. దొరికిన బూట్లు నాయన కాళ్లకు రెండింతలు. వాటిలో గుడ్డ కూరి, పుస్తకంలో సంతకం పెట్టించి, హెల్మెట్ తగిలించి తీసుకొచ్చేసరికి పది యాభై దాటింది.

నాకు ఒకటే ఆత్రం. ఎండ ఇంకా పైకి వస్తే సెగ పెరిగి ఏమీ కనపడదు. స్టూలు లాగి వేశాను. కూర్చునే చోట నీడ ఉంది. అది మాత్రం చూశాను, ఇంకేమీ చూడలేదు.

"ఉండు నాయనా, చుక్క జరిగిపోయి ఉంటాది. నేను మళ్లీ సరిచేసినాక చూద్దువు," అంటూ ఫోన్లో ఆకాశపటం తెరుస్తున్నాను. ఆయన ఎప్పుడైనా నా మాట విన్నాడా? హెల్మెట్ తీసి నేల మీద పెట్టి, వంగి, కుడికన్ను కటకానికి ఆనించేశాడు. ఫోనులో టైము పది యాభై రెండు.

"ఏం కనపడుతుంది?" అన్నాను, ఏమీ కనపడదని తెలిసి.

"నల్లగా ఉండాది పాపా."

నాకు చిరాకు వేసింది. పగటి ఆకాశం నీలంగా ఉండాలి, నల్లగా ఎందుకుంటుంది? కావాలనే అంటున్నాడనుకున్నాను.

"చల్లగా ఉండాది," అన్నాడు మళ్లీ, మెల్లగా. కన్ను తీయకుండానే తువ్వాలు భుజం మీదికి లాక్కున్నాడు. "ఆ... ఉండాడు. నడుమ. తెల్లగా, గుండుగా, సెనగ్గింజంత. వేగుచుక్కకు ఉన్నట్లు మొనలు ల్యావు. కదలకుండా ఉండాడు."

శుక్రుడు గుండ్రంగా కనిపిస్తాడని నేను ఆయనకు చెప్పలేదు. ఎవరైనా మెరిసే చుక్కను ఊహించుకుంటారు, గుండ్రటి బిళ్లను కాదు. నేను గెలిచానని అర్థమైంది. ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను. పెళ్లి, మంటపం, మంజు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

ఆయన తల ఎత్తాడు. "చూసినా. ఒప్పుకున్నా," అంటూ లేచాడు. ఫోనులో పది యాభై మూడు. లేవడంలో ఆయన భుజం మీది తువ్వాలు కొస జారి కన్ను పెట్టే కటకానికి అడ్డంగా పడింది.

ముందు కాలిన వాసన వచ్చింది. తర్వాత తువ్వాల్లోంచి సన్నటి పొగ. తీసి చూస్తే కందిగింజంత బొక్క, చుట్టూ నల్లటి అంచు, ఇంకా రాజుకుంటూనే ఉంది.

అప్పుడు పైకి చూశాను. పదిహేడో వరుస నేను వదిలివెళ్లినట్టు లేదు. పక్క వరుసలన్నిటితో సమానంగా వాలి ఉంది. దాని పై అంచు జానెడుకు పైగా కిందికి దిగింది. స్టూలు నీడలోనే ఉంది కానీ టెలిస్కోపు ముందు అద్దం నిండా ఎండ. గొట్టం నేరుగా సూర్యుడి వైపు ఉంది.

నేను స్టాండును కాలితో తన్నాను. టెలిస్కోపు నేల మీద పడి అద్దం అంచు పెచ్చు లేచింది.

"ఏంది పాపా, ఏమాయ?" అన్నాడు నాయన.

ఆయన ముఖం రెండు చేతుల్తో పట్టుకుని కుడికంట్లోకి చూశాను. నీళ్లు లేవు, ఎరుపు లేదు. నా వేళ్లెన్ని అని అడిగితే చెప్పాడు. దూరంగా ట్యాంకరు మీద ఉన్న నంబరు చదవమంటే కన్నడ అంకెలు కూడా కలిపి చదివాడు. చదువుతూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఏం జరిగిందో గంటలోపే తెలిసింది. మోటారు పార్టు శనివారం సాయంత్రం వచ్చింది. నేను రెండుసార్లు రాసిన కాగితం చూసి, ఆదివారమైనా సరే అని మెకానిక్ వచ్చి, నేను గేటు దగ్గర బూట్ల కోసం తిరుగుతున్న సమయంలో వరుస అవతలి కొసన పెట్టెలో పార్టు మార్చాడు. వరుస తన చోటికి తాను తిరిగింది. వంద మీటర్ల పొడవున్న వరుసలో ఈ కొసన స్టాండు ఉందని ఆయనకు తెలియదు. పదిన్నరకల్లా పని ముగించి వెళ్లిపోయాడు.

రెండో తప్పు పూర్తిగా నాది. శుక్రుడు ముందు నడుస్తున్నాడు, సూర్యుడు ఒక పిడికిలి దూరంలో వెనక వస్తున్నాడు. ఆ నెలలో ఇద్దరి దారీ దాదాపు ఒకటే. ఆకాశంలో ఆ పిడికిలి దూరం దాటడానికి నలభై నిమిషాలు చాలు. నేను టెలిస్కోపు బిగించి వెళ్లి వచ్చింది నలభై నిమిషాలకు. శుక్రుణ్ణి ఎక్కడ వదిలి వెళ్లానో సరిగ్గా అక్కడికే సూర్యుడు వచ్చి నిలబడ్డాడు. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలిసే లెక్క. గోడ ఉందన్న ధైర్యంతో నేను ఆ లెక్క వేయలేదు. గెలవాలన్న పట్టుదలలో మా నాయన కన్నును నేనే సూర్యుడికి అప్పగించాను.

మరుసటి రోజే తుమకూరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దారిలో బస్సులో నాయనకు అంతా చెప్పాను. నువ్వు చూసింది శుక్రుడు కాదు నాయనా, ఆ గొట్టంలో అప్పుడు శుక్రుడు ఉండే అవకాశమే లేదు, ఉన్నది సూర్యుడు అని చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

డాక్టరు చుక్కలు వేసి, గంటసేపు కూర్చోబెట్టి, కంటి లోపలంతా చూశాడు. యంత్రంతో ఫోటోలు తీశాడు. కన్ను శుభ్రంగా ఉందన్నాడు. టెలిస్కోపులో సూర్యుణ్ణి అర నిమిషం పైగా చూశాడని చెబితే నమ్మలేదు. చూసి ఉంటే ఈ కన్ను ఇలా ఉండదమ్మా అన్నాడు. రెండు వారాల తర్వాత మళ్లీ చూసి అదే మాట చెప్పాడు.

నేను ఊరుకునే రకం కాదు. కారణం ఉండి తీరాలి. కన్ను సరిగ్గా ఆనించలేదేమో అనుకున్నాను. అలాగైతే ఆ వేడి చెంపకో రెప్పకో తగలాలి, తువ్వాలు కాలినట్టే చర్మం కాలాలి. మచ్చ కూడా లేదు. కన్ను మూసుకున్నాడేమో అనుకున్నాను. రెప్ప కాలాలి. సరిగ్గా ఆ అర నిమిషం మబ్బు అడ్డం వచ్చిందేమోనని ప్లాంటులో ఎండను కొలిచే పరికరం లెక్కలు తీశాను. ఆ గంటంతా ఒక్క చిన్న తగ్గుదల లేదు, గీత గీసినట్టు ఉంది ఎండ. అబద్ధం చెప్పాడేమోనని కూడా అనుకున్నాను, తండ్రిని అలా అనుకున్నందుకు సిగ్గుపడుతూనే. కానీ ఆయన ఓడిపోవడానికి అబద్ధం ఎందుకు చెబుతాడు?

అదే టెలిస్కోపును, అదే చోట, అదే వేళకు మళ్లీ సూర్యుడి వైపు పెట్టి, కటకం వెనక కాగితం పట్టుకున్నాను. రెండు అంకెలు లెక్కపెట్టేలోపు కాగితం అంటుకుంది. పదిసార్లు చేశాను, పదిసార్లూ అంటుకుంది.

నేను అంతటితో పందెం రద్దనుకున్నాను. గెలవని పందెంతో పెళ్లి చేసుకోవడం నాకు ఇష్టం లేదు. నిజమైన శుక్రుణ్ణి చూపించే దాకా పెళ్లి మాట ఎత్తనని నాయనకు చెప్పాను. అమ్మ టెలిస్కోపును బావిలో పడేస్తానంది. అప్పుడు నా వైపు మాట్లాడింది నాయనే.

"చూపీనీలేమ్మే. దాని పట్టు దానికుండాది," అన్నాడు.

ఈసారి కంట్రోల్ రూం గోడ వెనక పెట్టాను. ఏసీల వేడిగాలికి అక్కడ బొమ్మ వణుకుతుందని మొదట వద్దనుకున్న చోటు అది. వణికితే వణకనీ, గోడ కదలదు. మంజును టెలిస్కోపు ముందు నిలబెట్టాను, ఎండ అంచు అద్దానికి మూరెడు దూరం రాగానే అరవమని. ప్రతి నిమిషం నేను సరిచేశాను. శుక్రుడు మధ్యలో ఉన్నప్పుడే, నేను చూసిన మరుక్షణమే, నాయనను చూడమన్నాను.

ఆయన చాలాసేపు చూశాడు.

"అదే. గుండుగా, తెల్లగా. అదే శుక్రుడు," అన్నాడు. తర్వాత తల ఎత్తి, "కానీ ఈ పొద్దు నీలంలో ఉండాడు. ఆ పొద్దు రాత్రి ఉండె దాంట్లో. పొద్దు పొడిసేముందర మడక కట్టేటప్పుడు ఉంటాది సూడు, ఆ రాత్రి. చల్లగాలి కూడా తగిలె కంటికి," అన్నాడు.

మంజు నా వైపు చూశాడు.

"నువ్వు రెండుతూర్లు చూపిస్తివి. నేను మాటిస్తి. ఇంగేంది?" అన్నాడు నాయన, బూట్లు విప్పుకుంటూ.

అనుకున్న తేదీకే, మూఢంలోనే, మా పెళ్లి జరిగింది. పావగడ పంతులు రాలేదు. మడకశిర నుంచి వచ్చిన ఇంకో పంతులు కూడా కొంచెం నసిగితే, నాయన మంటపం మధ్యలో నిలబడి, "శుక్రుడు యాడికీ పోల్యా సామీ, ఆడనే ఉండాడు. నేను నా కండ్లతో చూసినా," అని అందరికీ వినిపించేలా చెప్పాడు. ఆయన గొంతులో నా కంటే ఎక్కువ పట్టుదల ఉంది. నేను తలవంచుకుని ఏడ్చాను. కొత్త పెళ్లికూతురు కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

మంజు రాజస్థాన్ వెళ్లాడు. నేను బదిలీ కోసం అర్జీ పెట్టుకుని పనిలోకి వచ్చాను. ఆ నెల నివేదిక రాయడం నా వంతు. ఏ వరుస ఏ నిమిషంలో ఎంత కరెంటు ఇచ్చిందో ఆ నిమిషం ముగియగానే కంప్యూటర్ రాసి ఉంచుతుంది. తేడాలున్నచోట అది ఎర్రగా చూపిస్తుంది, మేము ఒక్కొక్కటీ తెరిచి చూడాలి.

పదిహేడో వరుస దగ్గర ఒక ఎర్ర గడి ఉంది. తెరిచాను. ఆ ఆదివారం, పది యాభై మూడు, అంటే నాయన కన్ను కటకానికి ఆనించి ఉన్న నిమిషం. కరెంటు సున్నా.

యాభై రెండుకు మామూలుగా ఉంది. యాభై నాలుగుకు మామూలుగా ఉంది. నడుమ ఒక్క నిమిషం సున్నా. పదహారో వరుస, పద్దెనిమిదో వరుస ఆ నిమిషంలో నిండుగా ఇస్తున్నాయి.

మెకానిక్‌ను పిలిచి అడిగాను. తాను మోటారు పెట్టె తప్ప ప్యానెళ్ల తీగలు ముట్టలేదని, పదిన్నరకే వెళ్లిపోయానని చెప్పాడు. గేటు పుస్తకంలో ఆయన బయటికి వెళ్లిన సమయం చూశాను, నిజమే. సిగ్నల్ తెగిందేమోనని ఇన్‌చార్జి సారు అన్నాడు. సిగ్నల్ తెగితే గడిలో అడ్డగీత పడుతుంది, సున్నా పడదు. సున్నా పడాలంటే ప్యానెళ్ల మీద వెలుతురు లేకపోవాలి. రోజూ రాత్రి అన్ని వరుసలకూ పడేది ఆ సున్నాయే. ఆ వరుస కరెంటు కొలిచే పరికరాన్ని విప్పి పరీక్షించాను, లోపం లేదు. దాన్ని మార్చి కూడా చూశాను. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ వరుసకు పగటిపూట మళ్లీ సున్నా పడలేదు.

నాయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే ఆశ్చర్యపోడని నాకు తెలుసు, అదే నాకు భయం. దీన్ని దేవుడికో దయ్యానికో అంటగట్టి నాకు సర్ది చెప్పాలని ఎవరూ చూడొద్దు. వెలుతురు గురించి, అద్దాల గురించి, కరెంటు గురించి తెలిసినవాళ్లెవరైనా సరైన కారణం చెబితే చేతులు జోడించి వింటాను. నాకు మాత్రం దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

అలాంటి సున్నా కనిపిస్తే ఒక ఫారం నింపాలి. వరుస, పదిహేడు అని రాశాను. సమయం రాశాను. కారణం అన్నచోట ఆగిపోయాను, ఆ గడి ఈ రోజుకీ ఖాళీగానే ఉంది. దాని కింద ఇంకో గడి ఉంది, సరిచేసినవారి పేరు అని. అది చదివినప్పుడు మాత్రం కంట్రోల్ రూంలో ఒక్కదాన్నే కూర్చుని, మా నాయన రెండు కళ్లూ తలుచుకుని, చాలాసేపు ఏడ్చాను.